వాన సీను తీసేముందు

బిడ్డా,

దేవరకొండ దిక్కు తీసే షార్ట్ ఫిల్ముల వాన సీను ఉందని, ట్యాంకర్లు ఎన్ని కావాలని అడిగినవు. ఆ లెక్క తర్వాత. ముందు లైటు ఎక్కడ పెడతవో తేల్చుకో. కెమెరా పక్కనుంచి కొడితే ఎన్ని నీళ్లు గుమ్మరించినా మనిషి తడుస్తడు గని వాన కనిపించది. లైటు వాన వెనక, ఎత్తు మీద, జర పక్కకు ఉండి కెమెరా దిక్కు చూడాలె. అప్పుడే చుక్క మెరుస్తది. లెన్సుల సూటిగ పడకుండ నల్లగుడ్డ అడ్డం కట్టు. వెనక కూడ నల్లగ ఉండాలె: వేపచెట్టు, పాత రాతిగోడ, చీకటి దర్వాజ. తెల్లటి ఆకాశం వచ్చిందంటే వాన మాయమే. పగటి సీనైతే మొగులు పట్టిన రోజు చూసుకో, నేలమీద నీడ పడితే దొంగవాన అని పిల్లలు కూడ చెప్తరు.

ఏ వాన అన్నది కూడ ముందే అనుకో. ఎదురుచూసే మనిషికి ముసురు చాలు, కొట్లాటకు గాలివాన. ప్రతి సీనుకూ ఒకటే జడివాన కురిపించుడు నాకైతే నచ్చది.

పైపులు 15 నుంచి 20 అడుగుల ఎత్తుల కట్టి నాజిళ్లు, అంటే నీళ్లు చిమ్మే మూతులు, మీదికి తిప్పు. నీళ్లు పైకి లేచి తమ బరువుతోని పడాలె. కిందికి కొడితే తోటకు నీళ్లు పెట్టినట్టుంటది. ఒక వరుస మనిషి వెనక, ఇంకొకటి మనిషికీ కెమెరాకూ నడుమ. నెత్తిమీద ధార పడితే కండ్లు తెరవరాదు, ముఖంల ఏ భావమూ మిగలది.

ఇగ నీళ్లు. 5,000 లీటర్ల ట్యాంకరుకు నిమిషానికి 200 లీటర్లు గుంజే మోటరు పెడితే 25 నిమిషాలల్ల ఖాళీ. రిహార్సల్ అంతా పొడిగనే చెయ్యి, "యాక్షన్"కు పది సెకండ్ల ముందు వాల్వు తిప్పు. నేలను మాత్రం ముందే తడపాలె. చెలక, అంటే ఎర్రనేల అయితే వెంటనే తాగుతది, ప్రతి టేకుకూ మళ్ల తడపాలె. రేగడిలకు ట్యాంకరును దించకు, దిగబడితే ఆ రోజు షూటింగు అయిపోయినట్టే.

సెకండుకు 25 ఫ్రేములు తీస్తే షట్టరు సెకండుల 1/50 వంతు పెట్టు, వాన గీతలుగ వస్తది. 1/200 పెడితే చుక్కలు తెగితెగి కనిపిస్తయి. స్లో మోషనుకు 50 ఫ్రేములు, 1/100. ఏసీ గదిల నుంచి కెమెరా తెచ్చి వెంటనే తీయకు, లెన్సు మీద ఆవిరి పడతది. అరగంట సంచిలనే ఉంచు. మన బోరు నీళ్లు ఉప్పునీళ్లు, ఆరితే అద్దం మీద తెల్లమరకలు. లెన్సు ముందు ఫిల్టరు అద్దం పెట్టుకొని తడి మీదనే తుడువు.

కరెంటు దగ్గర పైలం. జాయింట్లు నేలమీద ఉండొద్దు, కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ స్విచ్చి లేకుండ మోటరు వెయ్యొద్దు. వేడెక్కిన హాలోజన్ బల్బు మీద చుక్క పడితే పగులుతది.

మోటరు మోతల మాటలు దొరకవు, డబ్బింగు చెప్పించు. వాన చప్పుడు వేరే పట్టుకో: రేకుల మీద ఒకటి, ఆకుల మీద ఒకటి, చూరు కింద బొట్లు ఒకటి. సీను బరువంతా ఆ బొట్లల్లనే ఉంటది, వాన ఆగినంక కూడ కొన్ని సెకండ్లు వాటిని నడువనియ్యి.

పొడి షాట్లన్నీ ముందు తీసెయ్యి. బట్టలు మూడు జతలు. తెల్లటి పలుచటి చీర తడిస్తే ఒంటికంటుకుంటది, ఆ పిల్లను ముందే అడిగి రంగు మార్చు. టేకు టేకుకూ తువ్వాల, వేడి చాయ తయారుగ ఉంచు. వణుకు మొదలైతే డైలాగు రాదు.

మీ పెదనాయిన