బోధకుడిని ప్రశ్నిస్తే దేవుడికి ఎదురు తిరిగినట్టా?

కొత్త బోధకుడి మాటలు వింటుంటే ఏదో తేడా కొడుతోంది, అడిగితే దేవుడి మీద తిరగబడినట్టు అవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది అని రాశారు బ్రదర్. అడగండి. నాకు నోరు తెరవడానికి మూడేళ్లు పట్టింది.

నేను వెళ్లిన చోట బోధకుడు బైబిల్లో లేనిది చెప్పేవాడు కాదు. ఉన్నదాంట్లో ఒక్క వచనం తుంచి చెప్పేవాడు. అదే పట్టుకోవడం కష్టం. కానుకల ముందు ప్రతిసారీ లూకా 6:38, ‘ఇయ్యుడి, అప్పుడు మీకియ్యబడును’. దానికి ‘వందరెట్లు’ అని తనే కలిపేవాడు. ఒక రాత్రి నిద్రపట్టక ఆ అధ్యాయం మొదటి నుంచి చదివాను. 34వ వచనంలో, తిరిగి ఇస్తారనుకున్నవాళ్లకే అప్పిస్తే మీకేం మెప్పు అని యేసు అడుగుతున్నాడు! నా బైబిల్లో పెన్సిల్ గీత మాత్రం 38 కిందే ఉంది. నాలుగు వచనాలు పైకి ఎప్పుడూ చూడలేదు.

పక్కకు పిలిచి మర్యాదగానే అడిగాను. జవాబు లేదు. తర్వాతి ఆదివారం ప్రసంగంలో నా వైపే చూస్తూ ‘నేనభిషేకించినవారిని ముట్టకూడదు’ అన్నాడు, అంటే దేవుడు ఎన్నుకున్న తన జోలికి రావద్దని. అదీ తుంచిన ముక్కే. 105వ కీర్తన తెరిచి చూడండి. పరదేశులుగా తిరుగుతున్న అబ్రాహాము, ఇస్సాకు, యాకోబులకు హాని చేయొద్దని దేవుడు రాజులను గద్దించిన సందర్భం అది. బోధకుడిని ఏమీ అడగొద్దని కాదు. అపొస్తలుడైన పౌలు మాటలనే బెరయ అనే ఊరివాళ్లు రోజూ లేఖనాల్లో సరిచూసుకున్నారు, అపొస్తలుల కార్యములు 17:11లో వాళ్లను ఘనులన్నారు.

అలాగని పొరపాటు చెప్పిన ప్రతి పాస్టరూ అబద్ధ బోధకుడు కాదండీ. అపొల్లో అనే తొలినాటి బోధకుడికి యేసుకు ముందు వచ్చిన యోహాను ఇచ్చిన బాప్తిస్మం ఒక్కటే తెలుసు. అకుల, ప్రిస్కిల్ల అనే దంపతులు విడమరిచి చెప్పారు, ఆ తర్వాత ఆయన గ్రీసులోని అకయలో విశ్వాసులకు ఎంతో సహాయపడ్డాడు. కాబట్టి అడిగాక ఏం చేస్తాడో గమనించండి.

డబ్బు విషయంలో పౌలే నింద రాకూడదని చందా పనికి వేరే సహోదరులను కూడా పంపాడు (2 కొరింథీ 8). లెక్క అడిగితే కోపమొచ్చే చోట కానుక వేయకండి.

మాత్రలు మానేయమంటే మాత్రం ఆలోచించనక్కర్లేదు, మానొద్దు. మా ఇంట్లో ఒకరు ఆ బోధకుడి మాట నమ్మి బీపీ మాత్రలు ఆపి ఆసుపత్రి పాలయ్యారు. ‘విశ్వాసం చాలలేదు’ అన్నాడు. మళ్లీ ఆ గడప తొక్కలేదు నేను.