ఫెండర్ అంచు మడిస్తే చట్టం ఒప్పుకుంటుందా?

ప్రశ్న: నా కారుకు కంపెనీ ఇచ్చినవి 185 సైజు టైర్లు. అవి తీసేసి 215 టైర్లతో వెడల్పాటి అల్లాయ్ వీల్స్ వేయించాను. వెనక సీట్లో ఇద్దరు కూర్చుంటే చాలు, గుంతలో దిగినప్పుడల్లా టైరు ఫెండర్ (చక్రం పైనుండే బాడీ రేకు) అంచుకు రాసుకుంటోంది. స్నేహితుడి దగ్గర ఫెండర్ రోలర్ ఉంది. ఇంటి దగ్గరే అంచును లోపలికి మడిచేద్దామంటున్నాడు. బయటికి ఏమీ కనపడదు కాబట్టి ఏ చట్టమూ అడ్డురాదంటున్నాడు. నిజమేనా? రేపు ప్రమాదం జరిగితే బీమా వస్తుందా?

సమాధానం: రేకు అంచు మడవడం ఒక్కటే అయితే మీ స్నేహితుడితో నాకు పెద్దగా పేచీ లేదు. కారు పొడవు మారదు, వెడల్పు మారదు, నిర్మాణమూ మారదు. కానీ ఆ అంచు ఎందుకు మడుస్తున్నారు? కంపెనీ చెప్పని సైజు చక్రం పట్టించడానికి. చిక్కంతా ఆ చక్రంతోనే.

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకూ ఆర్‌సీలోని వివరాలకూ తేడా వచ్చేలా యజమాని తన బండిని మార్చకూడదు. ‘మార్పు’ అంటే బండి మూల లక్షణమే మారిపోయే నిర్మాణపు మార్పు అని ఆ సెక్షన్ కిందే వివరణ కూడా ఉంది. 2019 జనవరిలో కె. జయచంద్ర కేసులో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను గట్టిగానే చదివింది. తయారీదారు ఇచ్చిన అసలు స్పెసిఫికేషన్ మారేలా బండిని మార్చడానికి వీల్లేదంటూ, అంతకుముందు కేరళ హైకోర్టు ఇచ్చిన వెసులుబాటును కొట్టేసింది.

మీ ఆర్‌సీ తీసి చూడండి. సొంత కారు ఆర్‌సీ కార్డు మీద టైరు సైజు మామూలుగా కనపడదు. ‘ఆర్‌సీలో లేనిదాన్ని మారిస్తే 52వ సెక్షన్ ఎలా వర్తిస్తుంది?’ అని మీ తరఫున నేను కోర్టులో వాదించగలను. వాదనలో బలం లేకపోలేదు. కానీ ఆ ఒక్క వాదన మీద భరోసా పెట్టుకుని రోడ్డెక్కమని మీకు చెప్పలేను. 2019 సవరణతో వచ్చిన 182ఎ(4) సెక్షన్ మాటలు ఇంకా విశాలంగా ఉన్నాయి. విడిభాగాలు అమర్చడంతో సహా, చట్టమూ నియమాలూ అనుమతించని ఏ మార్పు చేసినా యజమానికి 6 నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ‘యజమాని’ అన్న మాట గమనించారా? రోలర్ తిప్పేది స్నేహితుడైనా ఈ సెక్షన్ కింద పిలిచేది మిమ్మల్నే.

అంచు మడిచాక కూడా చోటు చాలదని కొందరు ఫెండర్‌నే బయటికి లాగి ఉబ్బిస్తారు. అది మాత్రం అస్సలు చేయకండి. అప్పుడు బాడీ ఆకారమే మారుతుంది, మీ తరఫున చెప్పుకోవడానికి ఏమీ మిగలదు.

జరిమానా కట్టేసి మరిచిపోవచ్చు. నన్ను ఎక్కువగా కలవరపెడుతోంది 190వ సెక్షన్. ఎదుటివారికి ప్రమాదం తెచ్చిపెట్టే లోపం బండిలో ఉందని తెలిసీ, లేదా మామూలు జాగ్రత్తతో తెలుసుకోగలిగి ఉండీ, నడిపినవారికి శిక్ష ఉంది. ఆ లోపం వల్ల ప్రమాదం జరిగి ఎవరికైనా గాయమైతే 3 నెలల వరకు జైలు పడవచ్చు. టైరు రాసుకుంటోందని మీ ఉత్తరంలో మీరే రాశారు. ఇక ‘నాకు తెలియదు’ అనే మాట మీ నోట రావడానికి లేదు. ప్రాణం పోతే, నిర్లక్ష్యంతో మరణానికి కారణమైనందుకు శిక్షించే భారతీయ న్యాయ సంహితలోని 106వ సెక్షన్ దాకా వెళుతుంది.

ఇక బీమా. నా దగ్గరికి వచ్చిన ఒక ఫైలులో, నష్టం అంచనా వేసే బీమా సర్వేయర్ తీసిన ఫొటో ఇప్పటికీ కళ్లముందు ఉంది. వెనక టైరు భుజం (నేలను తాకే భాగం పక్క గోడతో కలిసే అంచు) మీద చుట్టూరా వేలి మందాన నున్నగా మెరిసే గాడి. అందులో ఒకచోట రబ్బరు చీలి లోపలి దారాలు బయటపడ్డాయి. ఫెండర్ అంచుకు నల్లటి రబ్బరు పొడి అంటుకుని ఉంది. బీమా కంపెనీకి ఇంకో సాక్షి అవసరం లేకపోయింది.

మీ కారుకు జరిగే నష్టం సంగతి ముందు చూద్దాం. పాలసీ తీసుకునేటప్పుడు బండిలో మార్పులేమైనా చేశారా అని అడుగుతారు. చెప్పకపోతే ముఖ్యమైన విషయం దాచారంటారు. అయితే ప్రతి తిరస్కరణా చెల్లదు. 1996లో బి.వి. నాగరాజు కేసులో, పరిమితికి మించి మనుషుల్ని ఎక్కించారన్న కారణంతో కంపెనీ క్లెయిమ్ నిరాకరిస్తే, ఆ అదనపు మనుషుల వల్ల ప్రమాదం జరగలేదు కదా అని సుప్రీంకోర్టు యజమాని పక్షాన నిలిచింది. అంటే, ఆగి ఉన్న మీ కారును ఎవరో వెనకనుంచి గుద్దితే చక్రాల పేరు చెప్పి క్లెయిమ్ ఎగ్గొట్టడాన్ని మనం ఎదిరించవచ్చు. అదే టైరు పేలి కారు పల్టీ కొడితే, కారణమే ఆ చక్రం. అక్కడ నాగరాజు కేసు మీకు ఉపయోగపడదు. క్లెయిమ్ అన్యాయంగా నిరాకరించారనిపిస్తే ముందు కంపెనీకి లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేసి, ఆ తర్వాత బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి గానీ వినియోగదారుల కమిషన్‌కు గానీ వెళ్లవచ్చు.

గాయపడిన మూడో వ్యక్తి పరిహారం సంగతి వేరు. బీమా కంపెనీ ఎదిరించగల కారణాలను మోటారు వాహనాల చట్టంలోని 150వ సెక్షన్ లెక్కగట్టి చెప్పింది. చక్రం మార్చడం నేరుగా ఆ జాబితాలో లేదు, కానీ ముఖ్య విషయం దాచి పాలసీ పొందడం ఉంది. బాధితుడికి ముందు చెల్లించి, తర్వాత ఆ సొమ్ము మీ నుంచి రాబట్టుకోమని ప్రమాద పరిహారాలు తేల్చే ట్రిబ్యునల్ కంపెనీని ఆదేశించే ప్రమాదం ఉంటుంది.

ఇంటి దగ్గర పని గురించి కూడా ఒక మాట. చాలా కార్లలో ముందు ఫెండర్ ఒంటి రేకు, బోల్టులు విప్పితే మార్చుకోవచ్చు. వెనక అంచు అలా కాదు. రెండు రేకుల్ని స్పాట్ వెల్డింగ్‌తో కలిపి, మధ్యలో సీలర్ పూసి ఉంటుంది. హీట్ గన్‌తో రంగును సమంగా వేడెక్కించకుండా రోలర్ తిప్పితే పెయింట్ పగులుతుంది, సీలర్ విడుతుంది, ఆ సందులో నీరు చేరి లోపలినుంచి తుప్పు పడుతుంది. ఆ భాగానికి వారంటీ కూడా కంపెనీ ఇవ్వననవచ్చు. మీకు రాసుకుంటున్నది సరిగ్గా ఆ వెనక అంచే.

డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్, ఓనర్స్ మాన్యువల్ చూడండి. అదే మోడల్ పై వేరియంట్‌కు కంపెనీయే పెద్ద సైజు టైరు ఇచ్చి ఉంటే, రిమ్ము కొలతలతో సహా ఆ సైజుకు మారండి, రేకు ముట్టుకునే పని మామూలుగా ఉండదు. అలా కాదు, ఇవే ఉంచుకుంటానంటే ఆర్టీవో కార్యాలయంలోనూ బీమా కంపెనీకీ ముందే రాతపూర్వకంగా అడగండి, జవాబు కాగితం మీద తీసుకోండి. ఏజెంటు ఫోన్‌లో ‘ఏం ఫరవాలేదు సార్’ అంటే దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

జవాబు వచ్చేదాకా పాత చక్రాలు బిగించి నడపండి. ఇప్పుడున్న వెనక టైర్లను ఇవాళే విప్పించి, భుజం మీద గాడి ఉందేమో వేలితో తడిమి చూడండి. దారం కనపడితే ఆ టైరును స్టెప్నీగా కూడా ఉంచుకోవద్దు.