అడవి లోపలి సర్కారు భూమికి రేటు కట్టేదెలా?

ప్రశ్న: మేం కొండాపూర్‌లో ఉంటాం. కంచ గచ్చిబౌలిలో సర్కారు భూమి వేలం గొడవప్పుడు అక్కడి 400 ఎకరాలు వేల కోట్లు పలుకుతాయని అందరూ అన్నారు, మా బాబాయ్ మాత్రం ఫారెస్ట్ లెక్కలో హెక్టారుకి కొన్ని లక్షలేనంటున్నాడు. ఏది నిజం? అసలు ఒక భూమి అడవో కాదో మ్యాప్‌లో ఎలా తేలుతుంది?
- ఒక పాఠకురాలు

జవాబు: రెండూ నిజమేనమ్మా, కాకపోతే రెండూ ఒకేదాని రేటు కాదు. వేల కోట్లన్నది ఐటీ కంపెనీల పక్కన ఖాళీ జాగాగా అమ్మితే వచ్చే డబ్బు. మీ బాబాయ్ చెప్పేది ఎన్‌పీవీ, అంటే అటవీ భూమిని రోడ్డుకో గనికో ఇవ్వాల్సొస్తే వాడుకునేవాళ్లు కట్టే సొమ్ము, అది కట్టినా భూమి వాళ్ల సొంతం అవదు. 2008లో సుప్రీంకోర్టు ఒప్పుకున్న రేట్లు హెక్టారుకి 4.38 లక్షల నుంచి 10.43 లక్షల దాకా, అడవి రకాన్ని బట్టి, ఎంత చిక్కగా ఉందన్నదాన్ని బట్టి మారతాయి, 2022లో వాటిని 1.53 రెట్లు చేశారు. శాంక్చురీ అయితే దానికి 5 రెట్లు, నేషనల్ పార్క్ అయితే 10 రెట్లు.

మన కేబీఆర్ పార్క్ నేషనల్ పార్కే కదా, అన్నిటికన్నా పై రేటు వేసి 10 రెట్లు చేసినా ఎకరానికి 65 లక్షలు దాటదు, జూబ్లీహిల్స్‌లో ఆ డబ్బుకి ఏమొస్తుందో మీకే తెలుసు. నాకు కోపం వచ్చేది ఇక్కడే, వాన నీళ్లు ఇంకడం, ఎండాకాలం చల్లదనం, నెమళ్లు, ఇవన్నీ కలిపి కట్టిన విలువ అంత తక్కువైతే పక్కన రియల్ ఎస్టేట్ రేటు ముందు అడవి ఎప్పుడూ ఓడిపోతుంది.

ఇక మ్యాప్ సంగతి. రెవెన్యూ వాళ్ల నక్షా సర్వే నంబర్ల మీద నడుస్తుంది, ఫారెస్ట్ వాళ్లది అడవిని భాగాలుగా విడగొట్టిన బ్లాకులు, కంపార్ట్‌మెంట్ల మీద, ఒకదాని మీద ఒకటి పెడితే హద్దులు కలవని చోట్లు బోలెడు. 1967 అటవీ చట్టం కింద రిజర్వ్ చేయాలనుకుంటున్నామని చెప్పే సెక్షన్ 4 నోటిఫికేషన్ వచ్చి, ఆ భూమి మీద ఎవరికేం హక్కులున్నాయో విచారణ అయ్యాక సెక్షన్ 15 నోటిఫికేషన్ వస్తేనే పూర్తి రిజర్వ్ ఫారెస్ట్. అలాగని రికార్డులో లేకపోతే అడవి కాదనేయకూడదు, 1996 డిసెంబర్ 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఓనర్ ఎవరైనా సరే మామూలు అర్థంలో అడవి అయితే అడవేనని చెప్పింది. కంచ గచ్చిబౌలిలో రికార్డుల్లో అడవి అని లేదని ప్రభుత్వం అంటే, చెట్లు, జంతువులు కళ్లెదుటే ఉన్నాయి కదా అని పక్కనున్న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ స్టూడెంట్లు అన్నారు, 2025 ఏప్రిల్ 3న కోర్టు చెట్ల నరికివేత ఆపించింది.

మీ దగ్గర్లో ఏ జాగా మీదైనా డౌట్ ఉంటే ఆర్టీఐ పెట్టండి. సర్వే నంబర్ రాసి సేత్వార్ (భూమి పాత సర్వే రికార్డు), గ్రామ నక్షా రెవెన్యూ వాళ్లని అడగండి, సెక్షన్ 4, 15 నోటిఫికేషన్లు ఫారెస్ట్ వాళ్లని అడగండి, జాయింట్ సర్వే స్కెచ్ ఉంటే ఇద్దరినీ అడగండి.