నియమాలు పెంచితే కెమికల్ కంపెనీలు రావా? ముందు ఆ గ్యాస్ పేరు చెప్పమనండి

రసాయన పరిశ్రమల మీద నియమాలు ఎక్కువైతే కొత్త పెట్టుబడులు, కొత్త మందులు రావంటున్నారు, జనం ఆరోగ్యాన్నీ పరిశ్రమనీ రెండింటినీ నిలబెట్టడం ఎలా అని అడిగారు కదా. మాది శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలం, డాబా ఎక్కితే పైడిభీమవరం ఫార్మా కంపెనీలు కనిపిస్తాయి. నేనూ మందుల కంపెనీలోనే, క్వాలిటీ కంట్రోల్‌లో పనిచేస్తున్నాను, కాబట్టి ఇవన్నీ ఎత్తేయాలనే మనిషిని కాదు. మా కుర్రాళ్ళు కొందరైనా వలస పోకుండా ఆగింది వీటివల్లే. కానీ నియమాలు కొత్తదనాన్ని చంపేస్తాయన్న మాట మాత్రం నేను ఒప్పుకోను.

ఆమధ్య ఒక వానాకాలం రాత్రి, అందరూ పడుకున్నాక, ఊరంతా ఘాటు వాసన కమ్మేసింది. కళ్ళు మంట, గొంతు పట్టేయడం. మా నాన్నకు ముందే ఆస్తమా, ఊపిరి అందక కూర్చోలేక పడుకోలేక నలిగిపోయారు. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్తే డ్యూటీ డాక్టరమ్మ మొదట అడిగింది ఒక్కటే, "ఏం గ్యాసండీ?" అని. అమ్మోనియానా, క్లోరినా, హైడ్రోజన్ సల్ఫైడా తెలిస్తే ఏ లక్షణాల కోసం కనిపెట్టుకుని ఉండాలో తెలుస్తుంది అంది. హైడ్రోజన్ సల్ఫైడ్ మోతాదు పెరిగితే ముక్కు వాసన పట్టడమే మానేస్తుంది, జనం గ్యాస్ పోయిందనుకుంటారు. మా బావ బండి మీద కంపెనీ గేటు దగ్గరికి పరిగెత్తాడు. గార్డు పక్క ఊరివాడే, "లోపల ఏటి తయారుచేస్తన్నారో మాకు సెప్పరు బాబూ" అన్నాడు. లోపలికి ఫోన్ కలిపితే "అంతా నార్మల్" అని పెట్టేశారు. డాక్టరమ్మ అంచనా మీదే ఆక్సిజన్, నెబులైజర్ పెట్టింది. నాన్న తేరుకున్నారు, కానీ ఆ గ్యాస్ పేరు ఈ రోజుకీ మాకెవరూ చెప్పలేదు.

నాకు కడుపు మండేది ఇక్కడే. అమెరికాలో మందుల నాణ్యత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ ఇన్‌స్పెక్షన్ అంటే ఏ బ్యాచ్‌లో ఏ సాల్వెంట్ (మందు తయారీలో వాడే ద్రావకం) ఎంత పోశారో, ఏ టైముకి పోశారో, ఎవరు సంతకం పెట్టారో నిమిషాల్లో తీసి చూపిస్తాం. రికార్డు లేకపోతే సరుకు కొనరని తెలుసు కాబట్టి. సముద్రం అవతల మాత్ర మింగేవాడికి ఇచ్చే లెక్క గోడ అవతల పడుకునేవాడికి ఎందుకు ఇవ్వరు? ఇది ఖర్చు సమస్య కానే కాదు, కాగితం ఎలాగూ ఉంది.

చట్టం లేదా అంటే ఉంది. భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టానికి 41బి సెక్షన్ చేర్చారు, ప్రమాదకర రసాయనాల వివరాలు కార్మికులకే కాదు, చుట్టుపక్కల జనానికి కూడా చెప్పాలని. 2025లో ఆ చట్టం స్థానంలో అమల్లోకి వచ్చిన కార్మిక భద్రతా కోడ్‌లోనూ ఈ నియమం ఉంది. 2020 మే 7న విశాఖ ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీలో స్టైరీన్ అనే విషవాయువు లీకై 12 మంది పోయారు. సైరన్ ఉండి కూడా మోగించలేదని ప్రభుత్వం వేసిన కమిటీయే తేల్చింది. సైరన్ మోగిస్తే ఏ ఆవిష్కరణ ఆగిపోతుందో చెప్పమనండి.  

ఇక కొత్తదనం సంగతి. నాన్న జేబులో ఉండే ఇన్‌హేలర్నే చూడండి. ఒకప్పుడు అందులో మందును బయటికి తోసే గ్యాస్ సీఎఫ్‌సీ (క్లోరోఫ్లోరోకార్బన్). ఓజోన్ పొరను తినేస్తోందని 1987 మాంట్రియల్ ఒప్పందంతో దాన్ని దశలవారీగా ఆపేయాల్సి వచ్చింది. అప్పుడు కంపెనీలు కూర్చుని, ఓజోన్‌ను తినని హెచ్‌ఎఫ్‌ఏ అనే వేరే గ్యాస్‌తో పనిచేసే ఇన్‌హేలర్ తయారుచేశాయి. ఒత్తిడి పెట్టారు కాబట్టే బుర్ర పెట్టారు. యూరప్‌లో 2007 నుంచి రీచ్ చట్టం ఉంది, రసాయనం సురక్షితంగా ఎలా వాడాలో డేటా చూపించాల్సింది తయారుచేసేవాడే. అయినా అక్కడ రసాయన పరిశ్రమ పెద్దదిగానే ఉంది.

మా ఊరివాళ్ళం కలెక్టరేట్‌లో సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ పెట్టాం. ఏ కంపెనీలో ఏ ప్రమాదకర రసాయనం ఉందో, పీల్చితే ఏం చేయాలో తెలుగులో రాసి పంచాయతీకీ, పీహెచ్‌సీకీ ఇవ్వమన్నాం. రసాయన ప్రమాదాల సంగతి చూసే జిల్లా కమిటీకి, అంటే జిల్లా క్రైసిస్ గ్రూప్‌కి, అధ్యక్షుడు కలెక్టరే కాబట్టి అడగాల్సింది అక్కడే. లావేరు, పూసపాటిరేగ వైపు వాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే మీ పంచాయతీ నుంచి కూడా ఒకటి పెట్టండి, అర్జీ నమూనా కావాలంటే పంపిస్తాను.