ఎన్‌ఎంఎంఎస్ కోచింగ్‌కు సర్కారు పైసలు ఏ పద్దులో దొరుకుతాయి?

ప్రశ్న: మాది దామరచర్ల మండలంలో ఒక ఊరు. జడ్పీ హైస్కూల్లో ఎనిమిదో తరగతి పిల్లలు 40 మంది ఉన్నారు. వాళ్లకు ఎన్‌ఎంఎంఎస్ (ఎనిమిదో తరగతిలో రాసే కేంద్ర మెరిట్ స్కాలర్‌షిప్ పరీక్ష) కోచింగ్ పెట్టించాలని పాఠశాల కమిటీలో అనుకున్నాం. సర్కారు నిధులు వస్తాయా? ఎవరిని అడగాలి?

జవాబు: ‘కోచింగ్‌కు నిధులు’ అని దరఖాస్తు రాస్తే ‘ఆ పద్దు లేదు’ అని తిప్పి పంపడం తేలిక. ఖర్చును ముక్కలు చేసి, ఏ ముక్కను ఏ పద్దులో అడగాలో చూసుకోండి.

ముందు కాగితం ఖర్చు. పరీక్షలో మెంటల్ ఎబిలిటీ (తర్కం, ఆలోచనా శక్తి) 90, సబ్జెక్టులు 90, మొత్తం 180 ప్రశ్నలు. ఒక్కో మోడల్ పేపరు 24 పేజీలనుకుంటే, 40 మందికి 10 పేపర్లంటే 9,600 పేజీలు. జిరాక్సు పేజీకి రూపాయి చొప్పున రూ.9,600. దీనికి సమగ్ర శిక్షా (సర్కారు బడులకు నిధులిచ్చే పథకం) స్కూల్ గ్రాంట్ ఉంది. బడి మొత్తంలో పిల్లల సంఖ్య 31 నుంచి 100 వరకైతే ఏడాదికి రూ.25,000, 101 నుంచి 250 వరకైతే రూ.50,000. అందులో కనీసం 10 శాతం పరిశుభ్రతకే పెట్టాలి. కరెంటు బిల్లూ ఇందులోంచే కాబట్టి మొత్తం మీద ఆశ పెట్టుకోకండి. బోధన సామగ్రి కింద ఇంత అని కమిటీ తీర్మానం రాసి, హెచ్‌ఎం గారితో సంతకం చేయించి, బిల్లులు దాచండి. తీర్మానం లేని ఖర్చు ఆడిట్‌లో హెచ్‌ఎం మెడకు చుట్టుకుంటుంది. అందుకే చాలామంది ముట్టుకోరు, వాళ్లను తప్పుపట్టలేం.

చిక్కంతా బయటి నుంచి వచ్చి చెప్పేవాళ్ల గౌరవ వేతనం దగ్గరే. ఎంపీ నిధులు భవనాలు, బెంచీల వంటి శాశ్వత ఆస్తులకే, జీతాలకు కావు. పంచాయతీకొచ్చే ఆర్థిక సంఘం గ్రాంటుతోనూ జీతాలివ్వకూడదు. మీ వైపు సున్నపురాయి గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నాయి కాబట్టి జిల్లా ఖనిజ నిధి (గనుల వాళ్లు కట్టే సొమ్ముతో నడిచే డీఎంఎఫ్) నుంచి అడిగి చూడండి. గనుల ప్రభావిత గ్రామాల్లో ఈ నిధిని ముందుగా ఖర్చు పెట్టాల్సిన రంగాల్లో విద్య ఒకటి. మీ ఊరు ఆ జాబితాలో ఉందో లేదో గనుల శాఖ జిల్లా కార్యాలయంలో కనుక్కోండి. ఉంటే గ్రామసభ తీర్మానం, పిల్లల సంఖ్య, ఎన్ని వారాలు, గంటకు ఎంత అన్న లెక్క జతచేసి, సోమవారం ప్రజావాణిలో కలెక్టర్ గారికి ఇచ్చి రసీదు తీసుకోండి. నకలు డీఈవో ఆఫీసులోనూ ఇవ్వండి. మంజూరు ఖాయమని చెప్పలేను గానీ, లెక్క ఉన్న అర్జీని పక్కన పడేయడం కష్టం.

ఇదంతా జూన్‌లోనే మొదలుపెట్టాలి. ఈ మధ్య పరీక్ష నవంబరు ఆఖర్లో పెడుతున్నారు, గ్రాంటు ఆలస్యమైతే పేపర్లు అచ్చయ్యేసరికి పరీక్ష అయిపోతుంది. పైసలు రాకున్నా మీ బడి టీచర్లతో రోజూ సాయంత్రం గంట క్లాసు ఆపకండి. సబ్జెక్టుల్లో సైన్స్ 35, సోషల్ 35, లెక్కలు 20 ప్రశ్నలు. అవి వాళ్లు రోజూ చెప్పే పాఠాలే. కొత్తగా నేర్పాల్సింది మెంటల్ ఎబిలిటీ ఒక్కటే.

అర్హత ముందే చూసుకోండి. ఏడో తరగతిలో 55 శాతం మార్కులు (ఎస్సీ, ఎస్టీలకు 50), కుటుంబ ఆదాయం ఏడాదికి రూ.3.5 లక్షల లోపు. వసతి ఉన్న గురుకులాలు, నవోదయ, ప్రైవేటు బడుల పిల్లలకు వర్తించదు.

ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా రూ.12,000, మొత్తం రూ.48,000. ఇది చేజారేది ఎక్కువగా తర్వాతి పనుల్లోనే. ఆధార్‌లో, బడి రికార్డులో పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి, బ్యాంకు ఖాతాకు ఆధార్ సీడింగ్ (ఆధార్ నంబరు జోడించడం) కావాలి, నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో ఏటా రెన్యువల్ చేయాలి. పదో తరగతిలో 60 శాతం (ఎస్సీ, ఎస్టీలకు 55) రావాలి. పది అయ్యాక మిర్యాలగూడలోనో హైదరాబాద్‌లోనో ప్రైవేటు కాలేజీలో చేర్పిస్తే స్కాలర్‌షిప్ ఆగిపోతుంది. ఈ మాట తల్లిదండ్రులకు ఎనిమిదో తరగతిలోనే చెప్పండి.