ఎలుకకు నూనె పట్టే ముందు

చిరంజీవి లావణ్యకు ఆశీస్సులు.

బత్తాయి తొక్క నూనె భద్రత మీద పనిచేయబోతున్నావని తెలిసి సంతోషించానమ్మా. ఎథిక్స్ కమిటీ అనుమతి చేతికి రానిదే ఒక్క ఎలుకను కూడా తెప్పించకు.

ముందు నూనె సంగతి తేల్చుకో. జీసీ-ఎంఎస్ (నూనెలో ఏ పదార్థం ఎంతుందో తేల్చే పరీక్ష) చేయించు. ఈ తొక్కల నూనెలో మామూలుగా 90 శాతం పైనే లిమోనీన్ అనే సువాసన పదార్థం ఉంటుంది. గాలి తగిలితే అది ఆక్సీకరణ చెంది, చర్మానికి ఎలర్జీ తెచ్చే పదార్థాలుగా మారుతుంది. సగం ఖాళీ అయిన పాత సీసాలోని నూనె వాడావంటే నువ్వు పరీక్షించేది వేరే సరుకు. ముదురు రంగు సీసాల్లో అంచుదాకా పోసి ఫ్రిజ్‌లో పెట్టు. థర్మోకోల్‌ని కరిగించే నూనె ఇది, గాజు సిరంజీలే మేలు.

డోసు బరువులో ఇస్తాం, సిరంజీ కొలిచేది ఘనపరిమాణం. 200 గ్రాముల ఎలుకకు కిలోకు 2000 మిల్లీగ్రాముల చొప్పున 400 మిల్లీగ్రాములు కావాలి. ఈ నూనె సాంద్రత 0.84 దగ్గర ఉంటుంది. నీళ్ల లెక్కన 0.4 మిల్లీలీటర్లు లాగితే అందేది 336 మిల్లీగ్రాములే. సాంద్రత నువ్వే కొలిచి లెక్క కట్టు.

గవాజ్ సూది (నోటి గుండా నేరుగా కడుపులోకి మందు పోసే మొద్దు సూది) దిగకపోతే బలవంతంగా తొయ్యకు. ఊపిరితిత్తుల్లోకి చుక్క నూనె పోయినా ప్రాణం మీదికొస్తుంది, ఆ చావు విషం ఖాతాలో పడుతుంది. చనిపోయిన ప్రతి ఎలుక ఊపిరితిత్తులూ కోసి చూడు.

ఓఈసీడీ 423 (ఒక్క డోసుతో విషప్రభావం చూసే పరీక్షకు అంతర్జాతీయ మార్గదర్శకం) ప్రకారం మెట్టుకు మూడేసి ఎలుకలు, సాధారణంగా ఆడవి. మొదటి 4 గంటలు పంజరం దగ్గర నువ్వే ఉండు, అటెండర్‌కి అప్పగించకు. వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం, చొంగ, తూలుడు, ఎగశ్వాస కనిపించిన వెంటనే రాసుకో. తర్వాత 14 రోజులపాటు రోజూ చూడు. బాధ తీవ్రమై కోలుకోదని తేలితే చచ్చేదాకా ఆగకు, నొప్పి తెలియకుండా ముగించు. ఈ విషయంలో నాకు రాజీ లేదు.

చావులు లేవు కదా అని ‘సురక్షితం’ అని రాసేయకు. రోజూ డోసు ఇచ్చే 28 రోజుల పరీక్షలో గుంపుకు 5 మగ, 5 ఆడ ఎలుకలు ఉంటాయి కదా, అక్కడ మగవాటి మూత్రపిండాల్లో మెరిసే బొట్లు కనబడవచ్చు. లిమోనీన్ జీవక్రియలో పుట్టే పదార్థం ఆల్ఫా-2యు-గ్లోబ్యులిన్ అనే ప్రోటీన్‌కి అతుక్కుని అక్కడ పేరుకుంటుంది. ఇది మగ ఎలుకల ప్రత్యేకత. ఈ తీరు మనుషులకు వర్తించదని 1999లో ఐఏఆర్‌సీ (అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ) కూడా తేల్చింది. అలాగని దాచకు, ఉన్నదున్నట్టు రాయి. ఆడవాటి మూత్రపిండాల్లోనూ మార్పు ఉంటే మాత్రం ఈ వివరణ చాలదు, గట్టిగా ఆలోచించాలి.

స్లైడ్లు తయారయ్యాక మగ, ఆడ విడివిడిగా సర్ది, కంట్రోల్ (నూనె ఇవ్వని) గుంపువి కూడా పట్టుకుని రా. కూర్చుని చూద్దాం.