పెన్ను గుండ్రంగా రావట్లేదా? కిట్ పెన్నుల మీద మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: సార్, స్లిమ్‌లైన్ కిట్లు (సన్న పెన్నుకి కావాల్సిన మెటల్ భాగాలు, ఇత్తడి ట్యూబులు) తెప్పించుకుని మినీ లేత్ (చెక్కని తిప్పుతూ కోసే చిన్న యంత్రం) మీద టేకుతో పెన్నులు చేస్తున్నా. బుష్ (చెక్క చివర కొలత కోసం పెట్టే మెటల్ రింగు) దాకా జాగ్రత్తగానే కోస్తా, కానీ మొత్తం బిగించాక వేలితో తడిమితే ఒక వైపు చెక్క ఎత్తుగా, ఇంకో వైపు మెటల్ ఎత్తుగా తగులుతోంది. చిల్లు సరిగ్గా మధ్యలో పడకపోవడం వల్లేనా? – ఒక పాఠకుడు, నంద్యాల

జవాబు: చిల్లు కాదండీ, ఆ అనుమానం ముందు వదిలేయండి. ఇత్తడి ట్యూబ్ ఒకసారి చెక్కలో అతుక్కుందంటే ఆ తర్వాత లేత్ తిప్పేది ట్యూబ్ ఇరుసు మీదే, కాబట్టి చిల్లు కాస్త పక్కకి పడ్డా చుట్టూ సరిపడా చెక్క ఉంటే పెన్ను గుండ్రంగానే వస్తుంది. మీ పెన్ను చెక్క ఇరుసు తప్పి వస్తోంది, అంటే కోసేటప్పుడు మాండ్రిల్ కడ్డీ (చెక్కని గుచ్చి తిప్పేది) వంగి తిరుగుతోంది. చాలామంది చెక్క జారకూడదని మాండ్రిల్ చివర నట్టుని బలం కొద్దీ బిగిస్తారు, దానికి తోడు టెయిల్‌స్టాక్‌ని (కడ్డీ రెండో చివరని ఆనించే లేత్ భాగాన్ని) కూడా గట్టిగా తోస్తారు, సన్నటి కడ్డీ రెండు వైపుల నుంచీ ఒత్తిడి పడితే విల్లులా వంగకుండా ఎట్లా ఉంటుంది? నట్టు వేళ్లతో బిగిస్తే చాలు, టెయిల్‌స్టాక్ సెంటర్, అంటే దాని మొన, కడ్డీ చివర ఆని తిరిగితే చాలు.

ఇంకో కారణం చాలామంది పట్టించుకోరు. ట్యూబ్ అతికించాక చెక్క చివర్లు ట్యూబ్‌కి సరిగ్గా 90 డిగ్రీల్లో ఉండాలి. ఒక చివర ఏటవాలుగా ఉందంటే నట్టు బిగించగానే బుష్ ఒక వైపే ఆనుతుంది, కడ్డీ అక్కడే వంగిపోతుంది. అందుకే బారెల్ ట్రిమ్మర్ (చెక్క చివర్లని ట్యూబ్‌కి తిన్నగా చెక్కే పరికరం) కొనండి, ఇత్తడి అంచు మెరుస్తూ కనబడేదాకా చెక్కని ట్రిమ్ చేసి అక్కడితో ఆపేయండి, ఇత్తడిని తినేస్తే పెన్ను పొట్టిదై రీఫిల్ ఎక్కువ బయటికొస్తుంది.

కొలత విషయానికొస్తే బుష్‌నే నమ్ముకోవద్దు. చెక్కతో పాటు బుష్ మీద కూడా సాండ్ పేపర్ పడుతూ ఉంటుంది కాబట్టి అది మెల్లగా అరిగిపోతుంది. డిజిటల్ క్యాలిపర్‌తో కిట్‌లోని అసలు మెటల్ ముక్కనే కొలిచి రాసిపెట్టుకోండి, చెక్క చివర కొలిచాక పావు వంతు తిప్పి మళ్లీ కొలవండి, రెండు అంకెలూ వేరుగా వస్తే కోల వచ్చినట్టే. లేత్ పూర్తిగా ఆగాకే క్యాలిపర్ పెట్టాలి. కడ్డీ శాశ్వతంగా వంగిందేమో అని అనుమానముంటే గాజు పలక మీద దొర్లించి కింద వెలుతురు చూడండి. అన్నీ సరిచేశాక కూడా తేడా పోకపోతే మాండ్రిల్ పక్కన పెట్టి రెండు సెంటర్ల మధ్య తిప్పడానికి పనికొచ్చే బుష్‌లు తీసుకోండి, నాకైతే ఆ పద్ధతే నచ్చుతుంది, వంగడానికి మధ్యలో కడ్డీయే ఉండదు కదా.

ప్రశ్న: 7 ఎంఎం డ్రిల్ వేస్తుంటే బిట్ బయటికొచ్చే చోట చెక్క పగిలిపోతోంది, ట్యూబ్ దూరుస్తుంటే సగంలోనే ఇరుక్కుపోతోంది. ఏం చేయాలి? – ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: బ్లాంక్‌ని (పెన్ను చేయాల్సిన చెక్క ముక్కని) కావాల్సినదానికన్నా ఒక అంగుళం పొడవుగా కోసుకోండి, డ్రిల్ అవతలికి పొడుచుకు రాకముందే ఆపేసి ఆ చివర రంపంతో కోసేస్తే పగిలే చోటే ఉండదు. లేత్ 500 ఆర్పీఎం చుట్టూ పెట్టి కొంచెం కొంచెం లోపలికి పోతూ మాటిమాటికీ బిట్ వెనక్కి లాగి పొట్టు దులపాలి, లేకపోతే వేడెక్కి చెక్క లోపల సన్న బీటలొస్తాయి, అవి అప్పుడు కనబడవు, పాలిష్ అయ్యాక కనబడతాయి. ట్యూబ్ ఇరుక్కోవడం ఫెవిక్విక్ లాంటి జిగురుతో మామూలే, సగంలోనే పట్టేస్తుంది. రెండు భాగాలుగా వచ్చే ఎపాక్సీ జిగురు కలిపి వాడండి, తీరిగ్గా తిప్పుతూ దూర్చే టైం ఉంటుంది. ట్యూబ్‌ని ముందు సాండ్ పేపర్‌తో గీరాలి, లోపలికి జిగురు పోకుండా చివర్లని బంగాళదుంప ముక్కలో గుచ్చితే బిరడా పడిపోతుంది. టేకు అయితే నూనె చెక్క కాబట్టి అతికించే ముందు చిల్లు లోపల అసిటోన్‌తో తుడిచి ఆరనివ్వండి.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు, సెలవుల్లో ఈ పని నేర్చుకుంటానంటున్నాడు. చేతులకి గ్లవుజులు కొనిస్తే సరిపోతుందా? – ఒక అమ్మ, విజయనగరం

జవాబు: అమ్మా, దయచేసి గ్లవుజులు కొనొద్దు. తిరిగే లేత్ దగ్గర గ్లవుజు కొస పట్టుకుందంటే చేతిని కూడా లాక్కుపోతుంది, వెనక్కి తీసుకునే టైం ఉండదు. అదే కారణంతో పొడుగు చేతుల చొక్కా, వాచీ, చేతికి కట్టిన దారాలు, తాయెత్తులు, మెళ్లో వేలాడే గొలుసు, అమ్మాయిలైతే చున్నీ, వదులు జుట్టు ఏవీ వద్దు. పూజ దారం తీయడానికి బాబు ఒప్పుకోకపోతే ఆ దారం ఉన్నన్ని రోజులు లేత్ వద్దని చెప్పండి, ఇక్కడ మొహమాటం పనికిరాదు.

మీరు కొనాల్సింది మొహమంతా కప్పే ఫేస్ షీల్డ్, మంచి ఎన్95 మాస్క్. చెక్క దుమ్ముని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం మనిషికి క్యాన్సర్ తెచ్చేవాటి లిస్టులో పెట్టింది, రోజ్‌వుడ్ లాంటివైతే చర్మానికి, ఊపిరికి అలర్జీ కూడా తెప్పిస్తాయి. సీలింగ్ ఫ్యాన్ కింద సాండ్ పేపర్ పడితే ఆ దుమ్మంతా ఇల్లంతా తిరుగుతుంది.

స్విచ్ వేసే ముందు చెక్కని చేత్తో ఒక చుట్టు తిప్పి టూల్ రెస్ట్‌కి (ఉలిని ఆనించే కడ్డీకి) తగలట్లేదని చూసుకోవాలి, చక్ (పట్టి తిప్పే భాగం) తాళం తీసేయాలి, ఆన్ చేసేటప్పుడు చెక్కకి ఎదురుగా కాకుండా పక్కన నిలబడాలి. ఉలిని ముందు రెస్ట్ మీద ఆనించాకే చెక్కకి తాకించాలి, రెస్ట్ చెక్కకి దగ్గరగా ఉండాలి. సాండింగ్ మొదలెట్టేటప్పుడు మాత్రం రెస్ట్ పూర్తిగా తీసేయాలి, లేకపోతే వేళ్లు దాని మధ్యలో నలుగుతాయి. పాలిష్ పూయడానికి గుడ్డ వద్దు, చిరిగిపోయే పేపర్ టవలే వాడాలి. ఇంకో ముఖ్యమైన సంగతి, ఫెవిక్విక్ రకం జిగురు నూలు గుడ్డ మీద, దూది మీద ఎక్కువ ఒలికితే భగ్గున వేడెక్కి పొగలొస్తుంది, ఒక్కోసారి అంటుకుంటుంది కూడా. మొదటి రోజుల్లో ఎవరో ఒక పెద్దవాళ్లు పక్కనే ఉండాలి.

ప్రశ్న: మా వైపు ఒకతను ఎర్రచందనం చిన్న ముక్కలు ఇస్తానంటున్నాడు, పెన్నుకి ఎంతో అందంగా ఉంటుంది కదా? – ఒక పాఠకుడు, కడప

జవాబు: ముట్టుకోకండి. శేషాచలం కొండల్లో పెరిగే ఈ చెట్టుని కాపాడ్డానికి అడవి శాఖ ఎంత కష్టపడుతోందో మీ జిల్లాలో ఉన్న మీకు నేను చెప్పాలా? అంతర్జాతీయ వ్యాపారంలో కూడా ఇది సైటిస్ (ముప్పున్న మొక్కలు, జంతువుల వ్యాపారాన్ని కట్టడి చేసే) ఒప్పందం కింద ఉంది. బిల్లూ పర్మిట్టూ లేని ముక్క ఎంత చిన్నదైనా కేసు మీదకొస్తుంది, దానికన్నా ముందు అది ఎక్కడో కొట్టేసిన చెట్టు. మీ దగ్గర నల్లతుమ్మ ఉంది, చింత చేవ ఉంది, వడ్రంగి షాపులో మిగిలిన టేకు ముక్కలున్నాయి. పెన్నుకి కావాల్సింది ముప్పావు అంగుళం మందం, అయిదంగుళాల పొడుగే కదా. చింత చేవ ముదురు రంగుతో పాలిష్ పట్టాక చూస్తే మీకే తెలుస్తుంది. పాత ద్వారబంధం చెక్క అయితే కోసే ముందు అయస్కాంతంతో మేకులు వెతకండి.

ప్రశ్న: కిట్ లేకుండా మొత్తం పెన్ను నేనే చేయొచ్చా? – ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: చేయొచ్చండీ, మీ పక్కనే రాజమండ్రి ఉంది. గాంధీజీ స్వదేశీ ప్రోత్సాహంతో 1930ల్లో మొదలైన రత్నం పెన్నులు ఎబొనైట్ (గట్టిపరచిన రబ్బరు) కడ్డీ నుంచి లేత్ మీద తీసినవే, ట్యూబూ లేదు, బుషూ లేదు, మరలు కూడా ఆ కడ్డీలోనే కోస్తారు. అయితే కిట్ పెన్నులో దాగిపోయే తేడా ఇందులో దాగదు, మూత మర ఇరుసు కాస్త తప్పినా బిగించగానే మూత వంకరగా కూర్చుంటుంది. మూతకి చాలామంది ఎం13 (13 ఎంఎం వ్యాసం), 0.8 పిచ్ (మర గాళ్ల మధ్య దూరం), మూడు మొదళ్ల (పక్కపక్కనే మూడు మరలు మొదలయ్యే) ట్యాప్, డై (లోపలి, బయటి మరలు కోసే పనిముట్లు) వాడతారు, ఇవి ఖరీదైనవి, కాబట్టి ముందు చవక నైలాన్ కడ్డీ మీద మామూలు మరలు కోసి చేయి కుదిరాకే కొనండి.